మోకాలి దగ్గర అర అంగుళం

ఎండాకాలం సెలవులు మొదలైన ఆరో రోజు, ఉదయం ఆరుంబావుకు, నేను స్కూటరుతో సహా గోడౌను ముందు పేర్చిన ఖాళీ అట్టపెట్టెల్లోకి వెళ్లాను. స్కూటరుకు ఏమీ కాలేదు. పెట్టెలు నలభై దాకా ఉండటంతో నాకూ ఏమీ కాలేదు. వాచ్‌మన్ వచ్చి ఒక్కొక్క పెట్టె తీసి, నేను దొరికాక, "రోడ్డు ఇంత వెడల్పుంది కదండీ, ఎటు చూస్తున్నారు?" అని అడిగాడు.

ఉన్నమాటే చెప్పాను. "మోకాలు."

ఆయన చెయ్యందించి లేపాడు. ఆ రోజు నుంచి నన్ను చూసి లేచి నిలబడటం మాత్రం మానేశాడు.

ఆ మోకాలు మా అక్క కూతురిది. పంతొమ్మిదేళ్ల పిల్ల, డిగ్రీ రెండో ఏడు పూర్తి చేసింది. కాలేజీ రికార్డుల్లో ఏ పేరున్నా మా వీధిలో మాత్రం దాన్ని అందరూ బాతు అంటారు. ఆ పేరు పెట్టింది మా ఆవిడ. మొదటిసారి ఆ నడక చూసి, "ఏమండీ, పిల్లకి నడుములో ఏమైనా పట్టేసిందేమో చూడండి" అని కంగారుపడింది. పట్టలేదని తెలిశాక పేరు పెట్టింది. బాతు ఏమీ అనుకోలేదు. "బాతు నీళ్లలో ఎంత స్పీడో తెలుసా అత్తా" అని మాత్రం అంది.

ఇది మామూలు నడక కాదు. నడక పందెం అని ఒకటుంది. మైదానం చుట్టూ పాతిక చుట్లు, అంటే పది కిలోమీటర్లు. ఎంత వేగంగానైనా వెళ్లొచ్చు గానీ పరుగెత్తకూడదు. ఎప్పుడూ ఏదో ఒక పాదం నేల మీద ఉన్నట్టు కనిపించాలి. ముందుకు వేసిన కాలు నేలను తాకినప్పటి నుంచి ఒంటి కిందికి వచ్చేదాకా మోకాలు వంగకూడదు. ఈ రెండూ పాటిస్తూ తొందరపడితే నడుము ఊగకుండా ఎవరి తరమూ కాదు. జడ్జీలు చుట్టూ నిలబడి వట్టి కంటితో చూస్తారు. తప్పు కనిపిస్తే ఎర్రకార్డు రాస్తారు. ముగ్గురు జడ్జీలు రాశారంటే మనిషి మైదానం బయట ఉంటుంది.

పరుగెత్తడానికి కాళ్లుండగా, పరుగెత్తకుండా ఉండటానికి ఒక మనిషి ఇంత అవస్థ పడటమెందుకో నాకు అంతు పట్టేది కాదు. ఒకసారి షాపులో కాజాలు కుడుతూ అడిగేశాను.

"నువ్వు కాజాలు మిషన్ మీద కుట్టొచ్చుగా మామయ్యా. చేత్తో ఎందుకు కుడతావు?"

"చేత్తో కుడితే అదో అందం. ఆ పట్టు వేరు."

"అదే."

ఏదో చెప్పినట్టే ఉంది, ఏమీ చెప్పనట్టూ ఉంది. నా కుతూహలం అక్కడి నుంచే పెరిగింది.

బాతు ఈ దారిన పడటం కూడా చిత్రమే. స్కూల్లో ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఎప్పుడూ ఆఖరు. కాలేజీలో చేరాక ఒక మధ్యాహ్నం క్యాంటీన్ మూసేస్తారన్న భయంతో మైదానం అడ్డంగా దాటుతోందట. చేతిలో రికార్డు పుస్తకాలు, భుజాన సంచీ, పరుగెత్తితే అన్నీ జారిపోతాయి. అందుకని నడిచింది. ఆ నడక చూసి కోచ్ మేడమ్ ఈల ఆపి, వాచీ చూసుకుని, క్యాంటీన్ దాకా వెనకాలే వెళ్లిందట. "తిన్నాక మళ్లీ ఒకసారి అలాగే నడిచి చూపించు" అందట. పుట్టి బుద్ధెరిగాక ఒక ఆటలో ఎవరైనా తనను మళ్లీ చెయ్యమనడం అదే మొదలని బాతు చెబుతుంది.

పోయిన సీజన్లో అంతర్ కళాశాలల పోటీలో ఇరవై రెండు చుట్లు రెండో స్థానంలో నడిచింది. ఇరవై మూడో చుట్టులో మూడో ఎర్రకార్డు వచ్చింది. మూడూ మోకాలికే. బయటికి పంపేశారు. మిగతా చుట్లు మైదానం గోడ పక్కన గడ్డిలో ఒక్కత్తే నడిచి పూర్తి చేసిందట. ఎందుకమ్మా అంటే, "లెక్క సగంలో ఆపితే నిద్ర పట్టదు" అంది.

సెలవులిచ్చే ముందు కోచ్ మేడమ్ పిలిచి స్పష్టంగా చెప్పింది. కాలేజీ తెరిచిన మొదటి శనివారం సెలక్షన్. నలుగురు నడుస్తారు, టీములోకి ఇద్దరే. మళ్లీ మూడు కార్డులు వస్తే ఇక నీ సంగతి చూడటం నావల్ల కాదు అంది. "నీ మోకాలు నీకు కనపడదు. ఈ రెండు నెలలు దాన్ని చూసే కన్ను ఒకటి వెతుక్కో."

మా అక్కావాళ్లుండేది మార్కెట్ వీధిలో మూడో అంతస్తు. తెల్లారకముందే వీధంతా తోపుడు బళ్లతో నిండిపోతుంది. మా ఇంటి వెనక గోడౌన్ల రోడ్డు కిలోమీటరు పొడవు, బల్లపరుపు, లారీలు ఎనిమిదింటికి గానీ రావు. అందుకని బాతు బ్యాగు సర్దుకుని మా ఇంట్లో దిగింది. దిగుతూనే, "మామయ్య కన్ను టేపు కంటే నయం" అంది. ఆ మాట విన్నాక వద్దనే మనిషిని కాను నేను.

నా పని గురించి ఒక మాట చెప్పాలి. బోర్డు మీద టైలర్ అని ఉంటుంది గానీ, పాతికేళ్లుగా నేను చేస్తున్నది మనుషుల ఒంట్లో తేడాలు పైకి కనిపించకుండా చూడటం. ఒక భుజం కిందికుంటే ఆ వైపు కాస్త దట్టమైన గుడ్డ వేస్తాను. డ్రైవింగ్ స్కూల్ మాస్టారి మోకాళ్ల మధ్య నుంచి పిల్లి ఒకటి తోక ఎత్తుకుని హాయిగా వెళ్లిపోగలదు. నేను కుట్టిన ప్యాంటు వేసుకుంటే ఆ మాస్టారే నిలువుగా రెండు గీతలు గీసినట్టుంటాడు. ఇరవై ఏళ్లుగా ఆయనకు తన కాళ్ల సంగతి తెలియదు. నేను చెప్పలేదు.

బాతు మోకాలు చూడటానికి ఉపాయం కూడా నాదే. నల్లటి సన్నకాళ్ల ట్రాక్ ప్యాంటుకు పక్క నుంచి, నడుము దగ్గర మొదలుపెట్టి చీలమండ దాకా తెల్ల పట్టీ కుట్టాలి. కాలు నిటారుగా ఉంటే పట్టీ గీతలా ఉంటుంది. మోకాలు వంగితే విరుగుతుంది. నేను పక్కనే స్కూటరు మీద వెళ్తూ, ముందుకు వేసిన కాలి పట్టీ విరిగినప్పుడల్లా హారన్ కొట్టాలి. బాతు షాపులో స్టూలెక్కి నిలబడింది. పట్టీకి ఒకసారి గుండుసూదులు పెట్టాను, చూశాను, తీశాను. మళ్లీ పెట్టాను. మూడోసారికి పట్టీ దారం లాగి పట్టుకున్నట్టు వచ్చింది. కుట్టేశాను.

మొదటి వారం హారన్ విని వీధి వీధంతా లేచేది. అట్టపెట్టెల సంఘటన ఆ వారంలోనిదే. గంటకు పది, పదకొండు కిలోమీటర్ల వేగంతో స్కూటరు నడుపుతూ పక్కకు చూడటం ఎంత కష్టమో నడిపినవాళ్లకే తెలుస్తుంది. ముందుకు వంగిందా వెనక్కి వంగిందా అని పరికించే తీరిక ఉండదు. విరిగిందా, హారన్.

"మామయ్యా, ఇప్పుడు బాగా చాచినట్టే అనిపించింది."

"అనిపించడం వేరు, కనిపించడం వేరు" అన్నాను, కోచ్ మేడమ్ తమ్ముడిలా.

బాతు నమ్మింది. మారింది. రెండో వారానికి హారన్లు సగమయ్యాయి. ఐదో వారానికి కిలోమీటరుకు ఒకటీ అరా. పది కిలోమీటర్లూ యాభై ఐదు నిమిషాల్లో. రోజూ అయిదింటికి లేవడం, మొహం కడుక్కోవడం, బూట్లు, గోడౌన్ల రోడ్డు. ఎండ పెరిగింది, ఒక్క రోజూ మానలేదు. నాకు ఒళ్లు నొప్పులుగా ఉందంటే మా ఆవిడ ఇంకో గంట పడుకోమంటుంది. ఈ పిల్లను ఎవరూ లేవమనకుండానే ఏది లేపుతోంది? కోపమా? రెండో స్థానం పోయిందన్న దిగులా? ఒక్కోరోజు ఒక్కోలా అడిగేవాణ్ని. "ఏమో మామయ్యా, అలారం" అనేది.

ముప్పై అయిదో రోజున మా షాపులో ఇస్త్రీ చేసే పెద్దమ్మ బట్టల మూట విప్పింది. ఆమె చేతికి అందితే జేబురుమాలైనా ఇస్త్రీ కాకుండా బయటికి రాదు. అందులో పొరపాటున కలిసిన బాతు ట్రాక్ ప్యాంటును బల్ల మీద పరిచింది. ఇస్త్రీపెట్టె పైకెత్తి, కాసేపు అలాగే పట్టుకుంది.

"ఇదేంటయ్యా, పట్టీ వంకరగా కుట్టావు?"

"వంకరేంటి? దారం లాగినట్టుంటేనూ."

"వచ్చి చూడు. మోకాలి దగ్గర వెనక్కి పోయింది. నీ చేత్తో వంకర కుట్టు నేను పాతికేళ్లలో చూళ్లేదు."

టేపు పెట్టాను. అర అంగుళం.

అప్పుడు గుర్తొచ్చింది. స్టూలు మీద నిలబడ్డప్పుడు బాతు మోకాలు పూర్తిగా చాచలేదు. చాలామందికి ఉండేదే, ఆ పిల్లకు ఎర్రకార్డులు తెచ్చిందీ అదే. అందువల్ల మొదటి రెండుసార్లు పట్టీ మోకాలి దగ్గర కాస్త ముందుకు పొంగి కనిపించింది. నా చెయ్యి నన్ను అడగలేదు. డ్రైవింగ్ స్కూల్ మాస్టారికి సర్దినట్టే సర్దేసింది. పట్టీని అక్కడ అర అంగుళం వెనక్కి జరిపి, వంగిన కాలు తిన్నగా కనిపించేలా చేసింది.

అంటే ఇన్నాళ్లూ బాతు కాలు నిజంగా చాచినప్పుడల్లా పట్టీ విరిగినట్టు కనిపించింది, నేను హారన్ కొట్టాను. కాస్త వంచినప్పుడల్లా భేష్ అన్నాను. ముప్పై రోజులకు పైగా, వేళ తప్పకుండా, పెట్రోలు పోసుకుని మరీ, ఆ పిల్లకు మోకాలు వంచడం నేర్పాను.

ఈ విషయం వెంటనే చెప్పానని రాస్తే బాగుండును. చెప్పలేదు. పట్టీ విప్పి, పక్క కుట్టు వెంబడి తిన్నగా కుట్టి, మడతపెట్టి దాని మంచం మీద పెట్టి ఊరుకున్నాను. పొద్దున గోడౌన్ల రోడ్డు మీద బాతు మొదటి అడుగు వేసింది. పట్టీ విరిగింది. హారన్. రెండో అడుగు, హారన్. మూడో అడుగు నుంచి బొటనవేలు తియ్యనే లేదు. వాచ్‌మన్ కుర్చీ లోపలికి తీసుకుపోయాడు.

బాతు ఆగింది. "నిన్నటిదాకా బాగుంది కదా మామయ్యా. స్కూటర్‌కి ఏమైంది?"

స్కూటరు ఆపి, దిగి, చెప్పాను. అంతా విని వంగి పట్టీని వేలితో తడిమి చూసుకుంది.

"అంటే నెలరోజులుగా నేను వంచడం ప్రాక్టీస్ చేశాను."

"అర అంగుళమే అమ్మడూ."

"మూడు కార్డులకి అర అంగుళం చాలు మామయ్యా."

తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇంటికి నడిచి వెళ్లిపోయింది, మామూలు మనుషులు నడిచే నడకతో. అది అలా నడవడం నేను అంతకుముందు గమనించలేదు. చాలా అలిసిపోయిన మనిషి నడకలా ఉంది.

మర్నాడు అయిదింటికి అలారం మోగింది. ఆగింది. బాతు లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. మా ఆవిడ గదిలోకి తొంగిచూసి వచ్చి, "మీరు బాగుచేసిన కాళ్లు చాలు గానీ, ఇక ఆ పిల్ల జోలికి వెళ్లకండి" అంది. అక్క ఫోన్లో, "నేనైతే నీ స్కూటర్ తాళం ఎప్పుడో దాచేసేదాన్ని" అంది. మూడో రోజు నేనే వెళ్లి మంచం పక్కన కూర్చుని, పట్టుదల గురించి, యువత గురించి రెండు ముక్కలు మాట్లాడాను. బాతు దుప్పటి కాస్త తీసి, "మామయ్యా, ఇది ఎక్కడైనా చదివావా, సొంతమా?" అని అడిగింది. చదివిందే. లేచి వచ్చేశాను.

సెలక్షన్‌కు ఇరవై రెండు రోజులు మిగిలాయి. నాకు పనిమీద చెయ్యి ఆడలేదు. ఆ మధ్యాహ్నం నా పాత నల్ల ప్యాంటు తీసి, పక్క కుట్టు మీద తెల్ల పట్టీ కుట్టుకున్నాను. అసలా నడకలో ఏముందో తెలుసుకోవాలి. నేను పాడుచేసినది ఏమిటో నాకే తెలియకపోతే ఎలా?

నాలుగో రోజు పొద్దున, ఎవరికీ చెప్పకుండా, స్కూటరు ఇంటి దగ్గరే వదిలేసి గోడౌన్ల రోడ్డుకు వెళ్లాను. వాచ్‌మన్ కిటికీలోంచి చూశాడు. మోకాలు బిగించి, చేతులు ఊపుతూ, నడుమును దాని ఇష్టానికి వదిలేసి బయలుదేరాను. ఇరవై అడుగులు బాగానే ఉంది. నలభై అడుగులకు మోకాలి కింద, ముందువైపు ఎముక పక్కన మంట మొదలైంది. ఎవరో నిప్పు పెట్టి ఊదుతున్నట్టుంది. వంద అడుగులకు పాదం నా మాట వినడం మానేసింది. ఈ మంట సంగతి ఆ పిల్ల ఒక్కసారి కూడా చెప్పలేదే అనుకుంటుండగా వెనక నుంచి హారన్ వినిపించింది.

నా స్కూటరే. దాని మీద బాతు, తల కూడా దువ్వుకోలేదు.

"వంగింది" అంది.

"ఎక్కడ?"

"రెండూ. పొట్ట కూడా."

గోడౌను మెట్ల మీద కూలబడ్డాను. బాతు స్కూటరు స్టాండ్ వేసి పక్కన కూర్చుంది. కాలి ముందుభాగం చేత్తో రుద్దుకుంటున్న నన్ను చూసి, "అక్కడ కాదు, కాస్త పైన నొక్కు" అంది. నొక్కాను. నిజమే, తగ్గింది.

"రోజూ ఇంతేనా?"

"మొదటి రెండు కిలోమీటర్లు. తర్వాత ఎక్కడ నొప్పో తెలీదు, కాబట్టి ఫర్లేదు."

"మరి ఇవాళ ఎందుకు లేచావే? నామీద జాలేసిందా?"

"నువ్వు పట్టీ ప్యాంటుతో ఇటు రావడం అత్త చూసి చెబితేగా తెలిసింది. అప్పటికే బూట్లు కట్టుకున్నాను." వంగి బూటు తాడు బిగించుకుంది. "నడవాలనిపిస్తే లేద్దామని మూడు రోజులు పడుకుని చూశాను మామయ్యా. అనిపించలేదు. నాలుగో రోజు కూడా చూడాలంటే విసుగేసింది. సరే, అనిపించకుండానే లేద్దామని లేచాను."

ఐదు వారాలుగా నేను అడుగుతున్న ప్రశ్నకు జవాబు ఇంత చిన్నదని నాకు తెలియదు. కోపమూ కాదు, దిగులూ కాదు, ఏమీ లేదు. ఏమీ లేకుండానే బూట్ల తాడు కట్టుకోవడం. నేను దాన్ని మనసులో అటూ ఇటూ తిప్పి చూశాను, ఎక్కడా కుట్టు కనిపించలేదు.

"ఇక నుంచి నా మొహం చూడకు" అంది బాతు లేస్తూ. "నీకు జాలేస్తుంది, చెయ్యి వెనక్కి పోతుంది. పట్టీ మాత్రమే చూడు."

ఇరవై రెండు రోజులూ పట్టీ మాత్రమే చూశాను. నెల రోజుల అలవాటు ఊరికే పోదు. మొదటి రోజు ఆరు వందల పైచిలుకు హారన్లు. బాతు పళ్లు బిగబట్టి, ప్రతి అడుగునూ కొత్తగా వేసినట్టు వేసేది. వేగం పడిపోయింది. అరవై ఒక్క నిమిషం. తర్వాత యాభై తొమ్మిది. భేష్ అనడం మానేశాను. చివరి వారంలో ఒకరోజు రెండు కిలోమీటర్లు హారన్ మోగలేదు. వాచ్‌మన్ బయటికి వచ్చి, "బ్యాటరీ పోయిందా అండీ?" అని అడిగాడు.

దీని ఫలితం షాపులో కూడా కనిపించసాగింది. ఎవరికి కొలతలు తీసినా, కుట్టు ఎటు వెళ్లాలో అటే వెళ్లేది. నా చెయ్యి సర్దడం మరిచిపోయింది.

శనివారం నాడు నేనూ వెళ్లాను. పోటీలో షార్ట్స్ వేసుకోవాలి. పట్టీ లేదు, హారన్ లేదు, కంచె బయట నా వంతు నిలబడటమే. నలుగురు పిల్లలు, ఐదుగురు జడ్జీలు. ఎనిమిదో చుట్టులో బాతుకు మొదటి ఎర్రకార్డు రాశారు. అలవాటు నేను నేర్పినదే కదా, ఆ కార్డు నాకు రాసినట్టే అనిపించింది. పదిహేడులో రెండోది. అప్పటికి రెండో స్థానంలో ఉంది. మూడో పిల్ల నలభై అడుగుల వెనక. ఇక వేగం పెంచితే మోకాలు వంగొచ్చు, తగ్గిస్తే స్థానం పోవచ్చు. బాతు రెండూ చెయ్యలేదు. అదే అడుగు, అదే అడుగు, గడియారంలా.

ఇరవై నాలుగో చుట్టులో, సరిగ్గా నా ఎదురుగా, ఇంతవరకు కార్డు రాయని జడ్జీ ఒకాయన వంగి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, బాతు కాలి వైపు చూస్తూ ఉండిపోయాడు. నేను పట్టీ లేని ఆ కాలిని చూశాను. గోడౌన్ల రోడ్డు మీదైతే హారన్ కొట్టేవాణ్నా? కొట్టేవాణ్ని కాదు. ఈసారి మొహం చూసి చెబుతున్న మాట కాదిది. ఆయన నిటారుగా లేచి, జేబులో పెన్ను పెట్టుకుని, తరవాత వచ్చే పిల్ల వైపు తిరిగాడు.

యాభై అయిదు నిమిషాల నలభై సెకన్లు. రెండో స్థానం. కోచ్ మేడమ్ వచ్చి, "ఎవరా కన్ను?" అని అడిగింది. బాతు నావైపు చూపించి, "మొదట్లో కాస్త మెల్ల ఉండేది మేడమ్, సరిచేశాం" అంది.

ఆ సాయంత్రం షాపులో బాతు స్టూలు మీద కూర్చుని, కాళ్లు చాపి, నా చొక్కాకు ఊడిపోయిన బొత్తాం కుడుతోంది. డ్రైవింగ్ స్కూల్ మాస్టారు కొత్త ప్యాంటు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. ముందుకు చూసుకున్నాడు, పక్కకు చూసుకున్నాడు, కాస్త వంగి చూసుకున్నాడు. నేను టేపు మెడలో వేసుకుని ఎటో చూడసాగాను.

"ఇరవై ఏళ్ల నుంచి నీ దగ్గరే కుట్టిస్తున్నానయ్యా. ఎప్పుడూ ఇలా లేదు. ఇందులో నా కాళ్లు వంకరగా కనిపిస్తున్నాయి. కుట్టు ఎక్కడో తేడా పడింది, మళ్లీ విప్పి చూడు."

బాతు దారం పంటితో కొరికి, తల ఎత్తకుండానే చెప్పింది.

"ప్యాంటు సరిగ్గానే ఉంది మాస్టారూ, కాళ్ల సంగతైతే రేపు పొద్దున ఐదున్నరకి గోడౌన్ల రోడ్డు మీదికి రండి."